జిప్సీకి ఎత్తెందుకు?

పోయిన వారం ఆఫీసు క్యాంటీన్లో ఒక కొలీగు నా పక్కన కూచుని ఫోను తీసి ఫొటో చూపించాడు. 2004 మోడలు జిప్సీ, తెల్లది. కొత్తగా కొన్నాడట. (కొత్తగా కొనటం అంటే ఎవరో ఇరవై ఏళ్ళు వాడేసింది కొనటం, మా లాంటి వాళ్ళ భాషలో.) "నీకు తెలుసుగా, లిఫ్ట్ ఎక్కడ చేయించమంటావు? అయిదంగుళాలు లేపుదామనుకుంటున్నా" అన్నాడు.

"లేపకు" అన్నాను.

పెళ్ళి చేసుకోకు అన్నట్టు చూశాడు నన్ను. పది నిమిషాల లంచ్ బ్రేకులో కారణాలన్నీ చెప్పటం కుదర్లేదు. పైగా ఈ ప్రశ్న నన్నడిగిన నాలుగో మనిషి ఇతను. అందుకే ఇక్కడ రాసేస్తే ఇకముందు లింకు పంపేసి ఊరుకోవచ్చు అనిపించింది. జిప్సీలూ జీపులూ అంటే ఆసక్తి లేనివాళ్ళు ఈ టపా వదిలేసినా నేనేమీ అనుకోను. కానీ హైవే మీద మీ పక్కనుంచి ఎత్తుగా, టైర్లు బయటికి పొడుచుకొచ్చిన పాత జిప్సీ ఒకటి పోతుంటే "భలే వుందే" అనుకునే వాళ్ళు మాత్రం చదవండి. ఇది మీక్కూడా సంబంధించిందే.

ముందు నా సంగతి. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జావా రాసుకుంటూ బతికే జాతికి చెందినవాణ్ణి. నాలుగేళ్ళలో నేర్చుకున్నదాంట్లో ఉద్యోగానికి పనికొచ్చింది ఏమీ లేదు, చివర్లో రెండు నెలలు బట్టీ పట్టిన యాప్టిట్యూడ్ తప్ప. థియరీ ఆఫ్ మెషీన్స్ లో యాకర్మన్ స్టీరింగ్ బొమ్మ వేసి పదహారు మార్కుల జవాబు రాశాను. కాస్టర్ కోణం అంటే ఏంటో నిర్వచనం రాశాను. అవి ఎందుకున్నాయో మాత్రం 2023 సంక్రాంతి దాకా నాకు తెలీదు.

2021లో, మొదటి ఉద్యోగం డబ్బులు కాస్త పోగవగానే 1999 మోడలు జిప్సీ కింగ్ కొన్నాను. నాకన్నా రెండేళ్ళు చిన్నది. మా నాన్నగారు "ఇరవై రెండేళ్ళ బండి కొనటానికట్రా నిన్ను చదివించింది?" అన్నారు. మా అమ్మ ఏమీ అనకుండా నిమ్మకాయలు తెచ్చి టైర్ల కింద పెట్టింది.

జిప్సీ గురించి తెలీని వాళ్ళకి నాలుగు ముక్కలు. మారుతీ వాళ్ళు 1985 చివర్లో తెచ్చారు దీన్ని, 2019 దాకా నడిచింది. మొదట్లో 970 సీసీ ఇంజను, 1996 నుంచి 1300 సీసీ. బండి మొత్తం బరువు టన్నుకి అటూ ఇటూ, అంతే. కింద నిచ్చెన లాంటి ఛాసిస్, ముందూ వెనకా రెండూ గట్టి ఇరుసులు, నాలుగు మూలలా కమాన్ పట్టీలు. అంటే ఎడ్లబండికి స్ప్రింగులు కట్టినట్టు. ఎడమ చక్రం రాయెక్కితే కుడి చక్రం కూడా దాని మాట వినాల్సిందే. ఈ పద్ధతి తారు రోడ్డు మీద నడుం విరగ్గొడుతుంది గానీ బురదలో, గుట్టల్లో దీన్ని మించింది లేదు. 2010లో వచ్చిన థార్ కి ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టారు. 2023లో మన దగ్గరికొచ్చిన జిమ్నీకి మాత్రం ఇప్పటికీ రెండూ గట్టి ఇరుసులే, కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులు. అంటే సుజుకీ వాళ్ళకి ఆ ఇరుసు మీద నమ్మకం పోలేదన్నమాట.

జిప్సీలో కమాన్ పట్టీలు ఇరుసు కింద వుంటాయి. ఇరుసు పట్టీల మీద కూచుంటుంది. మా వాళ్ళందరూ చేసే పని ఏంటంటే, పట్టీల్ని తీసి ఇరుసు పైకి మార్చటం. ఇరుసు మీద కొత్తగా రెండు సీట్లు వెల్డింగ్ చేసి, పట్టీ వాటి మీద పెట్టి, యూ బోల్టులు తిరగేసి బిగిస్తే చాలు, బండి ఒక్క దెబ్బకి అయిదంగుళాల దాకా లేస్తుంది. కొత్త స్ప్రింగులు కొనక్కర్లేదు. చవక. సాయంత్రానికి బండి ఇంటికొచ్చేస్తుంది. ఇదీ ఆకర్షణ.

నాదీ అలాగే చేయించాను, 2022లో. చేసిన షాపు పేరు చెప్పను, అడక్కండి. మొత్తం ముప్ఫై ఎనిమిది వేలు, వెనకాలే టైర్లు 235/75 ఆర్ 15 వేయించాను. కంపెనీ వాళ్ళు ఇచ్చిన సైజు 205/70 ఆర్ 15. ఆ రోజు అపార్ట్‌మెంటు కింద వాచ్‌మన్ దగ్గర్నుంచి మూడో ఫ్లోర్ ఆంటీ దాకా అందరూ వచ్చి చూసి వెళ్ళారు. నిజం ఒప్పుకుంటున్నా, ఆ నెల రోజులూ నేను నేల మీద లేను. సిగ్నల్ దగ్గర ఇన్నోవాల్ని పైనుంచి చూడటంలో వున్న సుఖం సుఖమే మరి.

స్టీరింగ్ కాస్త తేలికైనట్టు అనిపించింది. "లిఫ్ట్ చేశాక అలాగే వుంటది అన్నా, అలవాటైపోతది" అన్నాడు షాపతను. అలవాటు చేసుకున్నాను. హైవే మీద సూటిగా పోవాలంటే స్టీరింగ్ అటూ ఇటూ దిద్దుతూనే వుండాలి. అదీ అలవాటు చేసుకున్నాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. మా ప్రొడక్షన్ సర్వర్లో రోజూ వచ్చే ఎర్ర అలర్టులకి మేం అలవాటు పడలేదూ!

2023 సంక్రాంతికి బెజవాడ నుంచి ఏలూరు మీదుగా రాజమండ్రి బయల్దేరాం. ముందు సీట్లో బావ. వెనక ఎదురెదురు బెంచీ సీట్లుంటాయి కదా, అక్కడ అక్క, మా మేనకోడలు. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. వెనక బెంచీల్లో కూచోటం దానికి సరదా, "మావయ్యా ఇంకా స్పీడు, ఇంకా స్పీడు" అంటూ వుంది. స్పీడోమీటర్లో అరవై అయిదు చూపిస్తోంది. (అది అబద్ధం, ఎందుకో తర్వాత చెప్తా.) ఒక చిన్న వంతెన మీద ఎక్స్‌పాన్షన్ జాయింటు ఎడమ చక్రానికి తగిలింది. అంతే.

దాన్ని ఎలా వర్ణించాలో ఇప్పటికీ తెలీదు. స్టీరింగ్ నా చేతుల్లోంచి లాక్కుని ఎవరో అటూ ఇటూ పిచ్చిగా తిప్పుతున్నట్టు. సెకనుకి ఎన్నిసార్లో. ముందు చక్రాలు రెండూ తలకాయ అడ్డంగా వూపినట్టు వూగుతున్నాయి, డాష్‌బోర్డు కనపడటంలేదు, బానెట్ ఊడిపోతుందేమో అనిపించింది. అద్దంలో వెనక లారీ. నేను చేసిన మొదటి పని స్టీరింగ్ గట్టిగా పట్టుకుని బ్రేకు తొక్కటం. దాంతో ఇంకా పెరిగింది. బావ "వదిలెయ్, బ్రేకు వదిలెయ్" అని అరిచాడు. ఆయన ఇరవై ఏళ్ళుగా ట్రాక్టరూ ట్రక్కూ తోలినవాడు. వదిలేస్తే, యాక్సిలరేటరు కూడా వదిలేస్తే, ముప్ఫైకి వచ్చాక దానంతటదే ఆగింది. లారీ వాడు హారన్ కొట్టుకుంటూ, నన్ను తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు. తిట్టాల్సిందే.

వెనక్కి తిరిగి చూస్తే మేనకోడలి మూతి నిండా రక్తం. హుడ్డు రాడ్డుకి తగిలి పెదవి చిట్లింది. ఏలూరులో రెండు కుట్లు వేశారు. అది ఏడవలేదు, అక్క ఏడ్చింది. నాతో మాత్రం పండగ మూడు రోజులూ మాట్లాడలేదు.

ఇంగ్లీషులో దీన్ని డెత్ వాబుల్ అంటారు. పేరు కాస్త నాటకీయంగా వుంటుంది గానీ, వచ్చినవాడికి అతిశయోక్తి అనిపించదు.

పండగయ్యాక అదే బండిని ముప్ఫై దాటకుండా బెజవాడ ఆటోనగర్ తీసుకొచ్చాను. అక్కడ బావకి తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయన వున్నాడు, అరవై దాటినాయన. ఆయన బండి కిందికి కూడా దూరలేదు. నన్ను సీట్లో కూచోబెట్టి, ఇంజను ఆపి, "స్టీరింగు కొంచెం ఇటూ అటూ ఆడిస్తా వుండు బాబూ" అన్నాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూశాడు. అయిదు నిమిషాలు. తర్వాత ముందు వైపు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని వూపాడు. టక్ టక్ మని చప్పుడు. "లిఫ్టు చేసినాయన ఇది చూళ్ళేదా?" అన్నాడు. చూసినట్టు లేదండీ అన్నాను. "ఎంత తీసుకున్నాడు?" చెప్పాను. నవ్వాడు.

ఆ టక్ టక్ కింగ్‌పిన్ బేరింగులది. జిప్సీ ముందు ఇరుసు చివర గుండ్రటి బంతి లాంటి భాగం వుంటుంది, దాని చుట్టూ నకిల్ తిరుగుతుంది, పైనొకటి కిందొకటి బేరింగులు. ఆ బేరింగుల మీద ఎంత ఒత్తిడి వుండాలో పలచటి రేకు షిమ్ములతో సరిచేస్తారు. నకిల్ ని తిప్పటానికి ఎంత బలం పడుతుందో స్ప్రింగ్ కాటా తగిలించి లాగి చూడాలి. అవును, పాతపేపర్ల వాడి దగ్గరుండే లాంటి కాటాయే. ఏళ్ళ తరబడి అరిగితే ఒత్తిడి పోతుంది, నకిల్ వదులవుతుంది. ఒక షిమ్ తీసేస్తేనో, బేరింగు మారిస్తేనో బాగుపడుతుంది. ఇరవై మూడేళ్ళ బండిలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కంపెనీ టైర్లతో, కంపెనీ ఎత్తులో, ఆ వదులుతనం పెద్దగా బయటపడలేదు. పెద్ద బరువు టైర్లు తగిలించి, కోణాలన్నీ మార్చేసరికి బయటపడింది. అంటే లిఫ్టు కొత్త రోగం తేవటమే కాదు, లోపలున్న పాత రోగాలన్నిట్నీ నిద్ర లేపుతుంది. పాత కోడు మీద కొత్త ఫీచరు పెట్టిన ప్రతివాడికీ ఈ అనుభవం వుంటుంది.

నేనీ మాట చెప్తే ఒక మిత్రుడు "స్టీరింగ్ డాంపర్ మార్చు, పోతుంది" అన్నాడు. పోతుంది, నిజమే. కొన్నాళ్ళు. అది ఎక్సెప్షన్ పట్టుకుని క్యాచ్ బ్లాకు ఖాళీగా వదిలేయటం లాంటిది.

ఇంక మిగతా సంగతులు. ఇక్కడ కాస్త ఇంజనీరింగు వస్తుంది, ఓపిక పట్టండి. 

సైకిల్ ముందు ఫోర్క్ నిలువుగా వుండదు, వాలుగా వుంటుంది కదా. ఆ వాలు లాంటిదే కాస్టర్. షాపింగ్ మాల్ ట్రాలీ చక్రం లాగా, చక్రం తన తిరిగే ఇరుసు వెనకే వచ్చేలా చేసి బండిని సూటిగా పట్టుకునేది అదే. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి వస్తుందే, అది కాస్టర్ పుణ్యం. జిప్సీలో అది మూడున్నర డిగ్రీలు. వెల్డింగ్ చేసేవాడు కొత్త సీట్లని ఇరుసు మీద ఎంత కోణంలో పెడితే అంత కాస్టర్ మిగులుతుంది. నా బండిలో కొలిస్తే ఒక డిగ్రీ కూడా లేదు. ఎందుకలా చేశాడంటే, బండి లేచాక ముందు ప్రొపెల్లర్ షాఫ్టు బాగా ఏటవాలుగా తయారవుతుంది, క్రాసులు అరుస్తాయి. ఆ అరుపు ఆపటానికి డిఫరెన్షియల్ మూతిని కాస్త పైకి తిప్పి వెల్డింగ్ చేశాడు. మూతి పైకి తిప్పితే కాస్టర్ తగ్గుతుంది, రెండూ ఒకే ఇనప గొట్టానికి అతికి వున్నాయి కాబట్టి. ఒకటి బాగుచేస్తే ఇంకోటి చెడుతుంది. రెండూ సరిగ్గా కావాలంటే నకిల్ బంతుల్ని కోసి, తిప్పి, మళ్ళీ అతికించాలి. అది సాయంత్రానికి అయ్యే పని కాదు.

వెల్డింగ్ వద్దు, షాకిల్స్ పొడవైనవి వేస్తే చాలుగా అనేవాళ్ళుంటారు. జిప్సీ ముందు షాకిల్ పట్టీకి ముందు చివరన వుంటుంది. దాన్ని పొడుగు చేస్తే పట్టీ ముందు కొస కిందికి దిగి, ఇరుసు ముందుకి వాలుతుంది. అప్పుడూ పోయేది కాస్టరే. పైగా అంగుళం లేవాలంటే షాకిల్ రెండంగుళాలు పొడవుండాలి.

తర్వాతది స్టీరింగ్ లింకు. మన బండ్లలో స్టీరింగ్ బాక్సు కుడి పక్క ఛాసిస్ కి వుంటుంది, అక్కణ్ణుంచి డ్రాగ్ లింకు అనే రాడ్డు అవతలి చక్రం వైపుకి అడ్డంగా పోతుంది. బాక్సు బాడీతో పాటు లేస్తుంది, చక్రం కిందే వుంటుంది. కాబట్టి రాడ్డు ఏటవాలవుతుంది. గోడకి నిచ్చెన వేసిన వాళ్ళకి ఇది తెలుసు. దాదాపు నేల మీద పడుకోబెట్టినట్టున్న నిచ్చెన పైకొసని కాస్త పైకి జరిపితే కింద కొస పెద్దగా కదలదు. నిట్టనిలువుగా వున్న నిచ్చెనకి అదే పని చేస్తే కింద కొస బాగా కదుల్తుంది. లెక్క వేద్దాం. రాడ్డు 90 సెంటీమీటర్లు అనుకోండి, రెండు కొసల ఎత్తు తేడా మొదట 5 సెంటీమీటర్లు. గతుకులో ఇరుసు 3 సెంటీమీటర్లు కదిలితే రాడ్డు అడ్డంగా జరిగేది 2 మిల్లీమీటర్లు. లిఫ్ట్ చేశాక ఎత్తు తేడా 17 సెంటీమీటర్లయింది అనుకోండి. అదే గతుకుకి 6 మిల్లీమీటర్ల పైనే జరుగుతుంది. స్టీరింగ్ ఆర్మ్ 15 సెంటీమీటర్లయితే చక్రం రెండు డిగ్రీల పైన తిరిగిపోతుంది, మీరు స్టీరింగ్ ముట్టుకోకుండానే. గతుకు పడ్డప్పుడల్లా బండి తనే మలుపు తిరుగుతోందన్నమాట. దీన్నే బంప్ స్టీర్ అంటారు.

దీనికి మా షాపతను చేసిన వైద్యం వింటే నవ్వొస్తుంది. పట్టీలు పైకొచ్చేసరికి రాడ్డు వాటికి తగుల్తోందని, రాడ్డుని జెడ్ ఆకారంలో వంచాడు. అందరూ వంచుతారు, ఆయనొక్కడే కాదు. రాడ్డు పట్టీకి తగలటం ఆగింది. కానీ కోణం తగ్గలేదు. రాడ్డుని జెడ్ లా వంచినా జిలేబీ లా చుట్టినా, రెండు కొసల మధ్య గీసిన సూటి గీతే లెక్కలోకొస్తుంది. పైగా సూటిగా వున్న రాడ్డు తోస్తే తోసినట్టు కదుల్తుంది, వంచిన రాడ్డు స్ప్రింగు లాగా కాస్త సాగి, కాస్త వంగి, అప్పుడు కదుల్తుంది. నేనప్పుడు స్టీరింగ్ "తేలికైంది" అనుకున్నానే, అందులో కొంత ఇదే. సరైన వైద్యం నకిల్ మీద ఎత్తయిన స్టీరింగ్ ఆర్ములు పెట్టి రాడ్డు కింద కొసని కూడా లేపటం. రెండు కొసలూ లేస్తే రాడ్డు మళ్ళీ అడ్డంగా పడుకుంటుంది. దానికి డబ్బవుతుంది, నమ్మకమైన ఫోర్జింగు కావాలి. సందులో లేత్ మిషను మీద మామూలు ఇనుముతో చేసిన స్టీరింగ్ ఆర్మ్ మీద మీ ఇంట్లో వాళ్ళని కూచోబెట్టగలరా? నేను కూచోబెట్టలేను.

బ్రేకు హోసులు పాతవే వదిలేశాడు. ఒక చక్రం గుంటలో పూర్తిగా కిందికి దిగితే హోసు తీగలా బిగుసుకుంటోంది. అది మేస్త్రీ చూపించాడు. ఇక మాటలు లేవు.

ఇంతా చేసి వచ్చిందేంటి? అసలు ప్రశ్న ఇది. అడవి దారిలో రాయి తగిలేది బాడీకి కాదు, ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండుకి. లిఫ్టు ఆ గుండుని వెంట్రుకవాసి కూడా లేపదు. ఎందుకంటే ఇరుసు చక్రాల మీదుంది, స్ప్రింగుల మీద కాదు. దాన్ని లేపగలిగేది టైరొక్కటే. 205/70 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు, 235/75 ది 733. తేడాలో సగం, అంటే 33 మిల్లీమీటర్లు గుండు లేచింది. నా ముప్ఫై ఎనిమిది వేలల్లో దీని వాటా సున్నా, ఎందుకంటే టైర్ల డబ్బు వేరు. సరే, న్యాయంగా చెప్పాలంటే పట్టీలూ యూ బోల్టులూ ఇరుసు కింద వేలాడకుండా పైకి పోవటం రాళ్ళల్లో నిజంగా లాభమే. గట్టు ఎక్కేటప్పుడు ముక్కు తగలకుండా వుండటం లాభమే. పెద్ద టైరు ఒరుసుకోకుండా చోటు దొరకటం కూడా. కానీ దానికి రెండంగుళాలు చాలు.

అన్నట్టు స్పీడోమీటర్ అబద్ధం అన్నాను కదా. టైరు పది శాతం పెద్దదైతే ఒక చుట్టుకి పది శాతం ఎక్కువ దూరం పోతుంది. ముల్లు అరవై అయిదు చూపిస్తే బండి డెబ్భై ఒకటిలో వుంది. గేర్లు బరువెక్కుతాయి, బ్రేకు మీద భారం పెరుగుతుంది. ఇవన్నీ పాత డ్రమ్ములూ పాత సిలిండర్లూ మోయాలి.

బోల్తా సంగతి కూడా చూడండి. బండి పక్కకి పడిపోకుండా వుండటానికి మొదటి లెక్క చాలా తేలిక. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బరువు కేంద్రం ఎత్తుతో భాగించాలి. జిప్సీ వెడల్పు 130 సెంటీమీటర్లు. బరువు కేంద్రం 65 లో వుందనుకుంటే జవాబు ఒకటి. దాన్ని పది సెంటీమీటర్లు లేపితే 0.87. అంటే పక్కకి 45 డిగ్రీలు వాలే దాకా నిలబడాల్సింది 41 కే పడిపోతుంది. ఇది కాగితం మీద లెక్క. టైరు వంగటం, స్ప్రింగు కుంగటం కలిపితే ఇంకా తక్కువే. ఇదే బండిని అమెరికాలో సమురాయ్ పేరుతో అమ్మారు. 1988లో అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఇది తిరగబడే ప్రమాదం ఎక్కువని "అంగీకరించలేం" అని ముద్ర వేసింది. ఆ పరీక్ష సరిగా చెయ్యలేదని సుజుకీ 1996లో దావా వేసింది, 2004లో రాజీ అయ్యారు. ఎవరిది న్యాయమో నేను చెప్పను. నేను చెప్పేదల్లా, అంత గొడవా లిఫ్టు చెయ్యని బండి మీద జరిగింది!

"అమెరికా వాళ్ళు చెయ్యట్లేదా" అని తప్పకుండా అడుగుతారు. చేస్తారు. అక్కడ సమురాయ్ లనీ, పాత టయోటా పికప్పులనీ లేపేవాళ్ళు స్టీరింగ్ ఆర్ములు, పొడుగు బ్రేకు హోసులు, వెనక ఇరుసు మెలికపడకుండా ట్రాక్షన్ బార్, గట్టి యాక్సిల్ షాఫ్టులు, గేర్లు అన్నీ కలిపి మారుస్తారు. ఇంకోటి, బాగా మార్చిన బండ్లని చాలామంది కొండ దాకా ట్రైలర్ మీద తీసుకెళ్ళి అక్కడ దించుకుంటారు. మనం అదే బండిలో పిల్లల్ని స్కూల్లో దింపి, ఆఫీసుకెళ్ళి, శనివారం మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతాం. వాళ్ళ దగ్గర్నుంచి మనం తెచ్చుకుంది ఫొటో మాత్రమే.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మా వాళ్ళు దీని మీద తెగ ఆవేశపడతారు. "నా బండి నా ఇష్టం" అంటారు. చట్టం మొరటుగా వుందని నేనూ ఒప్పుకుంటాను. బాగా చేసిన పనికీ, నా జెడ్ రాడ్డుకీ తేడా చూడదు అది. పరీక్ష పెట్టి, పాసైతే ఆర్సీలో రాసిచ్చే దారి వుంటే బావుంటుంది. కానీ "నా ఇష్టం" అనే వాదన మాత్రం ఆ వంతెన మీద నాలో చచ్చిపోయింది. ఆ లారీ డ్రైవరు నా ఇష్టానికి సంతకం పెట్టలేదు. వెనక బెంచీ మీద కూచున్న ఎనిమిదేళ్ళ పిల్లా పెట్టలేదు.

మరి ఏం చెయ్యాలి అంటే, నేను చేసింది చెప్తా. పట్టీలు మళ్ళీ కిందికి దించాను. దించటానికి ఇంకో ఇరవై రెండు వేలు. మేస్త్రీ కింగ్‌పిన్ బేరింగులు, షిమ్ములు, టై రాడ్ ఎండ్లు అన్నీ మార్చాడు, సామానుకి ఆరు వేలు దాటలేదు. స్టీరింగ్ బాక్సులో ఆట తగ్గించాడు. పట్టీల బుష్షులు మార్చాడు. అరిగి, చదునైపోయిన పట్టీల్ని పక్క కమాన్ షాపులో వంపు పెట్టించి, విరగటానికి సిద్ధంగా వున్న రెండు ఆకులు మార్పించాడు. దానికే బండి అంగుళం పైన లేచింది! అంటే నేను "లిఫ్ట్" అనుకున్నదాంట్లో కొంత, బండి పుట్టినప్పుడున్న ఎత్తే. మంచి షాక్ అబ్జార్బర్లు వేశాను. టైర్లు అమ్మేసి కాస్త చిన్నవి, ఒరుసుకోనివి తీసుకున్నాను. ఇప్పుడు చేతులు స్టీరింగ్ మీద ఊరికే పెడితే సూటిగా పోతుంది. ఆ తర్వాత అదే బండి మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాటు, వానాకాలంలో ఎక్కి దిగింది. లోపలి మట్టి దారుల్లో ఒక్క చోట ఆగిపోయింది, ఒక చక్రం గాల్లో తిరుగుతూ. దానికి కూడా కావాల్సింది ఎత్తు కాదు, వెనక లాకింగ్ డిఫరెన్షియల్. దానికోసం డబ్బులు దాస్తున్నాను. లాకరు వేస్తే షాఫ్టుల మీద బలం పెరుగుతుంది కాబట్టి వాటి సంగతి ముందు చూడాలి. తొందరేం లేదు.

2024లో ఆర్సీ రెన్యువల్ కి ఫిట్‌నెస్ కెళ్ళినప్పుడు ఇనస్పెక్టరు గారు ఒకసారి వంగి చూసి "బానే పెట్టుకున్నావయ్యా" అన్నారు. మా నాన్నగారు కూడా ఆ మాట ఇంతవరకూ అనలేదు. జిప్సీ గ్రూపులో మాత్రం నాకు "స్టాక్ సుబ్బారావు" అని పేరు పెట్టారు :)

అక్క ఇప్పటికీ పిల్లని ఆ బండి ఎక్కనివ్వదు. నేను అడగటం మానేశాను. పెదవి మీద మచ్చ నవ్వినప్పుడు మాత్రమే కనిపిస్తుంది.

కొలీగుకి మొన్న ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని మా ఇంటికి రమ్మన్నాను. జాకీ, స్ప్రింగ్ కాటా నా దగ్గరున్నాయి. పాత గ్రీజు అంటినా ఫరవాలేని బట్టలు వేసుకు రమ్మన్నాను. లిఫ్టు షాపుకి అడ్వాన్సు ఇచ్చేశాడట, అయిదు వేలు. తిరిగిస్తారేమో కనుక్కోమన్నాను.